పువ్వు పుట్టగానే పరిమళిస్తుందా?

గద్వాల చుట్టుపక్కల సీడు పత్తి చేసే రైతుకు నిద్ర పట్టనివ్వనివి మూడక్షరాలు: జీవోటీ. విత్తన కంపెనీ ఆర్గనైజర్ వచ్చి గింజలు కాటా వేసుకుని పోతాడు, సంచి మీద లాటు నంబరు పడుతుంది, డబ్బు మాత్రం అప్పుడే చేతికి రాదు. ఆ లాటులోంచి పిడికెడు గింజలు తీసి వేరే ఎక్కడో మడిలో విత్తుతారు. మొలకెత్తి, ఆకు వేసి, పూత పట్టేదాకా చూస్తారు. మొక్కలన్నీ ఒక్క తీరుగా ఉంటే పాస్. వేరే రకం మొక్కలు ఎక్కువ కనబడితే ఫెయిల్. గింజను అరచేతిలో పెట్టుకుని ఎంత తిప్పి చూసినా లోపల ఏ రకం ఉందో తెలియదు. పెట్టి, పెంచి, చూడాల్సిందే. నెలలు పట్టే ఆ పరీక్షనే, నడిగడ్డ అని పిలిచే ఈ గద్వాల ప్రాంతపు రైతులు జీవోటీ అంటారు.

2025 ఏప్రిల్ 29 పొద్దున మా మేనమామ ఆ జీవోటీ కబురు కోసమే గద్వాల కోట దగ్గరి చాయ్ హోటల్లో కూర్చుని ఉన్నాడు. నేను వనపర్తి నుంచి ఆయన్ని చూడ్డానికి వెళ్లాను. హోటల్లో ఎవరికీ పత్తి గొడవ పట్టలేదు. ముందటి రాత్రి జైపూర్‌లో పద్నాలుగేళ్ల వైభవ్ సూర్యవంశీ గుజరాత్ బౌలర్ల మీద 35 బంతుల్లో వంద కొట్టాడు. అందరి నోటా అదే.

"పద్నాలుగేండ్ల పోరడు మామా! ఇగ పదిహేనేండ్లు వీనిదే రాజ్యం" అన్నాడు డిగ్రీ చదివే ఒక పిల్లగాడు.

"గిట్ల కొట్టినోళ్లు ఎందరు రాలే, ఎందరు పోలే? అంబటి రాయుడు ఏమాయె?" అన్నాడు ట్రాక్టర్ నడిపే అతను.

"రాయుడు దాకా ఎందుకన్నా? తిలక్ వర్మను సూడు. మొన్న లక్నోల ఆట మధ్యల్నే లేపి బయటికి పంపిరి. అయిపాయె వాని పని."

మామ గ్లాసు కింద పెట్టి, "గింజ ఇంకా మడిల పడనే లేదు. మీరేమో పంట కాటా ఏస్తుర్రు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ మాట పట్టుకుంది. పిల్లలకు లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ని. మామ అన్నది వట్టి సామెత కాదని, దాని వెనక నూటయాభై ఏళ్ల లెక్క ఉందని నాకు తెలుసు. దాన్ని ఆ చాయ్ హోటల్లో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలన్నదే అప్పటి నుంచీ నా తపన.

మన ఇంటి ఉదాహరణతోనే మొదలుపెడతాను. హైదరాబాద్ గల్లీల్లో పుట్టి, మణికట్టుతో బంతిని తిప్పిన ఇద్దరున్నారు. అజారుద్దీన్ 1984 డిసెంబరు 31న కలకత్తాలో తొలి టెస్టు మొదలుపెట్టాడు. 110 కొట్టాడు. మద్రాసులో 105, కాన్పూర్‌లో 122. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. ఆ సిరీస్‌లో సగటు 109.75. రెండోవాడు లక్ష్మణ్. 1996 నవంబరులో టెస్టుల్లోకి వచ్చాడు. లోపలికీ బయటికీ తిరుగుతూ, తొలి సెంచరీ కోసం 2000 జనవరి దాకా, సిడ్నీ దాకా ఎదురుచూశాడు. మూడేళ్ల పాటు ఈయన గురించి మన రచ్చబండల మీద ఎన్ని మాటలు పడ్డాయో ఆ కాలం వాళ్లకు గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు ఇద్దరి పూర్తి లెక్క చూడండి. అజారుద్దీన్ 99 టెస్టుల్లో సగటు 45.03. లక్ష్మణ్ 134 టెస్టుల్లో 45.97. ఒకడు ఆకాశం నుంచి దిగాడు, ఒకడు నేల నుంచి లేచాడు, ఇద్దరూ వచ్చి ఒకే గట్టు మీద కూర్చున్నారు. మొదటి సంవత్సరం చూసి పందెం కాసినవాడు ఇద్దరి విషయంలోనూ ఓడిపోయేవాడు. అజారుద్దీన్ పడిపోయాడని అనుకుంటే తప్పు, 45 అంటే గొప్ప సగటు. 109 అన్నది ఎవరికీ ఎప్పటికీ నిలిచే అంకె కాదు, అంతే.

ఎందుకు నిలవదు? బ్యాట్స్‌మన్ పరుగులకు ఒక వింత గుణం ఉంది. 1945లో ఇంగ్లండ్‌లో ఎల్డర్టన్, వుడ్ అనే ఇద్దరు గణాంకవేత్తలు క్రికెట్ స్కోర్లను వరసగా పేర్చి చూశారు. సున్నాల దగ్గర కొంచెం తేడా ఉన్నా, ఆ స్కోర్లు ఇంచుమించు గుణశ్రేఢిలో పడుతున్నాయని చెప్పారు. అంటే చిన్న స్కోర్లు చాలా ఎక్కువ, పెద్దవి పోనుపోను తక్కువ. 40 సగటు ఉన్నవాడు రోజూ 40 దగ్గర అవుట్ కాడు. ఒకనాడు 3, ఒకనాడు 11, ఒకనాడు 0, ఎప్పుడో ఒకనాడు 140. ఇలాంటి లెక్కల్లో ఊగులాట సగటంత పెద్దగా ఉంటుంది. సగటు 40 అయితే ఊగులాట కూడా దాదాపు 40.

దీని మీద చిన్న లెక్క కట్టొచ్చు. ఆడిన ఇన్నింగ్స్‌కు వర్గమూలం తీసి, దానితో సగటును భాగించండి. వచ్చేదే మన అంచనాలో ఉండగల పొరపాటు. 16 ఇన్నింగ్స్‌లో 40 సగటు ఉన్న పిల్లవాడనుకుందాం. 16 వర్గమూలం 4, 40ని 4తో భాగిస్తే 10. అంటే వాడి అసలు సత్తా 30 కావచ్చు, 50 కావచ్చు. ఇంకొంచెం జాగ్రత్తగా చెప్పాలంటే 20 నుంచి 60 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 20 అంటే జిల్లా జట్టులో చోటు దొరకని వాడు, 60 అంటే చరిత్రలో మిగిలేవాడు. 16 ఇన్నింగ్స్ ఈ ఇద్దరినీ విడదీయలేవు! నూరు ఇన్నింగ్స్ ఆడితే పొరపాటు 4కు దిగుతుంది. అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఎవరైనా తెలివైన పద్ధతి కనిపెట్టి, అదే 16 ఇన్నింగ్స్ నుంచి ఇంకా గట్టి అంచనా తీయలేరా? ఈ ప్రశ్నకు జవాబిచ్చింది మన తెలుగువాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సి.ఆర్.రావు. వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లిన ఆయన, 1945లోనే, ఇరవై అయిదేళ్ల ప్రాయంలో, ఒక హద్దు గీశారు. చేతిలో ఉన్న సమాచారం ఇంత అయితే, పక్షపాతం లేని ఏ అంచనా అయినా ఇంతకంటే గట్టిగా ఉండటం సాధ్యం కాదు అని. దాన్ని ఇప్పుడు క్రామెర్-రావు హద్దు అంటారు. 2023లో నూరేళ్లు దాటిన వయసులో ఆయనకు అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చింది, అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. గుణశ్రేఢిలాంటి స్కోర్లకు రావుగారి హద్దు కడితే, ఇందాక మనం వర్గమూలంతో కట్టిన పొరపాటు దగ్గరికే వస్తుంది. దాని కింద నేల లేదు. చాయ్ హోటల్లో ఎంత గట్టిగా అరిచినా 16 ఇన్నింగ్స్‌కు పదహారు ఇన్నింగ్స్ విలువే.

రావుగారికి చాలా ముందే ఇంకొకాయన, కొసన ఉన్న అంకె నిలవదన్న సంగతిని గింజలతో పట్టుకున్నాడు. ఫ్రాన్సిస్ గాల్టన్. డార్విన్‌కు వరుసకు మేనత్త కొడుకు. 1875లో ఆయన స్వీట్ పీ అనే పూలతీగ గింజలను సైజు వారీగా ఏడు రకాలుగా ఏరి, పొట్లాలు కట్టి స్నేహితులకు పంపాడు. పండించి, వచ్చిన గింజలు తిరిగి పంపమన్నాడు. పెద్ద గింజల పిల్లలు సగటు కంటే పెద్దవే, కానీ తల్లి గింజలంత కావు. చిన్న గింజల పిల్లలు చిన్నవే, కానీ తల్లులంత చిన్నవి కావు. అన్నీ నడుమకు జరిగాయి. కొసన ఉన్నది నడుమ వైపు జరగడమన్న ఈ గుణాన్ని ఆయన తర్వాత మనుషుల ఎత్తుల్లోనూ చూపించాడు. మనుషుల సంతానం గురించి గాల్టన్ చెప్పిన వేరే మాటలు లోకానికి చాలా చేటు చేశాయి, వాటిని నేను సమర్థించను. ఈ గింజల లెక్క మాత్రం నిలిచింది.

ఎందుకిలా జరుగుతుంది? కొసకు చేరిన దేనిలోనైనా రెండు పాళ్లుంటాయి, ఒకటి సత్తా, ఒకటి ఆ పూట కలిసొచ్చిన కాలం. సత్తా మరుసటి ఏడాదికి వెంట వస్తుంది. కలిసొచ్చింది రాదు. మా మామకు ఇది చెబితే, "మంచి వానలు పడ్డ ఏడు దిగుబడి సూసి భూమి కొనొద్దని మా నాయిన చెప్పేటోడు" అన్నాడు. గాల్టన్ పుస్తకం అక్కరలేని మనిషి.

మరి యువ బ్యాట్స్‌మన్ గురించి ఏమీ చెప్పలేమా? చెప్పొచ్చు, కొంచెం వినయంగా. ఈ దారి చూపింది బేస్‌బాల్. అమెరికాలో బేస్‌బాల్ పిచ్చివాళ్లు కొత్త హిట్టర్ల గురించి వాదించుకునే తీరు చూస్తే మన ఐపీఎల్ వాదనలు వాళ్ల కాలిగోటికి చాలవు. మా వనపర్తి పిల్లగాడు ఒకడు డాలస్ దగ్గర ఉంటాడు. అక్కడ గ్రాండ్ ప్రెయిరీలో 2024 టీ20 ప్రపంచ కప్ ఆడిన మైదానం ఒకప్పుడు బేస్‌బాల్ స్టేడియమే. ఫోన్ చేసినప్పుడల్లా వాడి ఆఫీసు వాళ్ల గొడవ చెబుతాడు. ఫలానా ఇరవై ఏళ్ల కుర్రాడు పెద్ద హిట్టర్ అవుతాడా కాడా అని.

1970 సీజన్ మొదట్లో 18 మంది హిట్టర్లు తలా 45 సార్లు బ్యాట్ పట్టిన లెక్కను ఎఫ్రన్, మోరిస్ అనే గణాంకవేత్తలు తీసుకున్నారు. అందరికంటే పైన రాబర్టో క్లెమెంటే, 45లో 18 హిట్లు, అంటే .400. మిగతా సీజన్‌లో ఒక్కొక్కరు ఎంత కొడతారో ముందే చెప్పాలి. మామూలుగా ఎవరైనా క్లెమెంటే .400 కొడతాడనే అంటారు. వీళ్లు స్టెయిన్ అనే ఆయన లెక్క ప్రకారం ప్రతి ఒక్కరి అంకెనూ పద్దెనిమిది మంది సగటు వైపు లాగారు. కొసన ఉన్నవాళ్లను ఎక్కువ దూరం లాగారు. క్లెమెంటేకు దాదాపు .29 అన్నారు. చివరికి అతను కొట్టింది .346. అంటే అతన్ని మరీ ఎక్కువ లాగారు, మహానుభావుల విషయంలో ఈ లెక్క అన్యాయం చేస్తుంది. కానీ 18 మందిలో 16 మంది విషయంలో లాగిన అంకెలే నిజానికి దగ్గరయ్యాయి. అందరి పొరపాట్ల వర్గాలు కలిపి చూస్తే, మొత్తం మూడో వంతు కంటే కిందికి దిగిపోయింది.

ఒక్క పిల్లవాడి స్కోరులో లేని సమాచారం వాడి తోటివాళ్ల స్కోర్లలో ఉంటుంది. సి.ఆర్.రావు హద్దును దాటడానికి ఉన్న న్యాయమైన దారి ఇదే, కొంచెం పక్షపాతాన్ని తెలిసి ఒప్పుకుని, అందరి నుంచీ కొంత అరువు తెచ్చుకోవడం. చాయ్ హోటల్లో వేళ్ల మీద కట్టే లెక్కగా దీన్ని ఇలా మార్చాను. పెరుగులో నీళ్లు కలిపి మజ్జిగ చేసినట్టు, ప్రతి కుర్రాడి స్కోరులో ఇరవై మామూలు ఇన్నింగ్స్ కలపండి. ఇరవై అన్నది ఉదాహరణకే. జిల్లా పోటీల్లో తోటివాళ్ల సగటు 25 అనుకుందాం. మనవాడు 5 ఇన్నింగ్స్‌లో 400 కొట్టాడు, సగటు 80. ఇరవై మామూలు ఇన్నింగ్స్ అంటే 500 పరుగులు. మొత్తం 900, ఇన్నింగ్స్ 25. సగటు 36. ఇప్పటికీ వాడే అందరికంటే మేలు. కానీ 80 అనే కల నుంచి 36 అనే మనిషి దగ్గరికి వచ్చాం. వాడే ఇంకో 50 ఇన్నింగ్స్ అలాగే ఆడితే కలిపిన నీళ్లు పలచబడి, వాడి సొంత రుచి తేలుతుంది.

అయితే స్కోరు ఒక్కటే చూసి కూర్చుంటే మంచివాణ్ని కూడా పోగొట్టుకుంటాం. వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1237 పరుగులు చేశాడు, నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441. బౌలింగ్ బలహీనమని ఎవరైనా కొట్టేసి ఉండొచ్చు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఎనిమిదో నంబరులో దిగి ఆస్ట్రేలియా మీద 114 కొట్టినవాడూ వాడే. అమెరికాలో మైక్ పియాజా అనే హిట్టర్‌ను, జట్లు కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1988లో 62వ రౌండు దాకా ఎవరూ ముట్టుకోలేదు. 1390వ పేరు అతనిది. 2016లో వాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు. స్కోరు పుస్తకంలో పడనిది ఏదో ఉంది. అది కంట్లోనూ ఒంట్లోనూ ఉంది.

కన్ను సంగతి చూద్దాం. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతికి ఈ క్రీజు నుంచి ఆ క్రీజుకు ఉన్న 17.7 మీటర్లు దాటడానికి అర సెకను కూడా పట్టదు. ఏదైనా చూసి, మెదడు అర్థం చేసుకుని, చేతిని కదిలించేసరికి 0.2 సెకను పోతుంది. మిగిలింది ఎంత? 1987లో పీటర్ మెక్‌లౌడ్ అనే శాస్త్రవేత్త, పిచ్ మీద పరిచిన చాప కింద పుల్లలు పెట్టి బంతి అటో ఇటో చెప్పకుండా పక్కకు తిరిగేలా చేశాడు. పిచ్ పడ్డాక చివరి 0.2 సెకన్లలో తిరిగిన బంతికి దేశానికి ఆడిన బ్యాట్స్‌మెన్ కూడా బ్యాటును సర్దుకోలేకపోయారు. వాళ్ల కండరాలు మనకంటే వేగమేమీ కాదన్నమాట.

మరి వేగం ఎక్కడుంది? 2000లో మైకేల్ లాండ్, ఇదే మెక్‌లౌడ్ కలిసి బ్యాట్స్‌మెన్ తలకు చిన్న కెమెరా కట్టి కంటి చూపు ఎటు పోతుందో పట్టారు. "బంతి మీద కన్ను పెట్టు" అని మనం పిల్లలకు చెబుతామే, మంచి బ్యాట్స్‌మన్ అలా చేయడు! చేతి నుంచి బంతి వదిలిన క్షణం చూస్తాడు. ఆ వెంటనే చూపు ఒక్క గెంతు గెంతి, బంతి ఎక్కడ పిచ్ పడబోతుందో అక్కడ ముందే వెళ్లి కూర్చుంటుంది. నడుమ దారిలో బంతిని వదిలేస్తుంది. గొప్పవాడి చూపు ముందు గెంతుతుంది, మామూలువాడి చూపు ఆలస్యంగా గెంతుతుంది. బౌలర్ మణికట్టు, భుజం, పరుగు చూసి బంతి వదలక ముందే సగం చదివేస్తారని వేరే ప్రయోగాలు కూడా చూపించాయి. బేస్‌బాల్ హిట్టర్‌కు టైము ఇంకా తక్కువ, దాదాపు 0.4 సెకను. అతని కథా ఇంచుమించు ఇదే.

అందుకే కుర్రాడి సత్తా చూడాలనుకున్నవాడు సిక్సర్ ఎంత దూరం పోయిందో చూడకూడదు. వేగంగా వచ్చే షార్ట్ బంతికి బరువు ఏ కాలి మీదికి ఎంత తొందరగా మారిందో చూడాలి. వదిలేసిన బంతుల్ని చూడాలి. ఆఫ్ స్టంప్ బయటి బంతిని నిమ్మళంగా వదిలే పదిహేనేళ్లవాడు, మెదడు లోపల లెక్క ముందే కట్టేస్తున్నాడు.

ఈ చూపు గెంతడం పుట్టుకతో రాదు. వేలాది బంతులు ఎదుర్కొంటే వస్తుంది, అదీ వేగంగా వచ్చేవి. ఇక్కడ మా పాలమూరు పిల్లల సంగతి చెప్పక తప్పదు. వనపర్తిలో రాజావారి కోట ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ. నాగర్‌కర్నూల్‌లో, అచ్చంపేటలో, గద్వాల చుట్టూ ఊళ్లలో ఖాళీ జాగా దొరికితే చాలు, సాయంత్రం ఆట ఉంటుంది. కానీ అంతా టెన్నిస్ బంతి. టెన్నిస్ బంతి బరువు దాదాపు 58 గ్రాములు. లెదర్ బంతి 156 నుంచి 163 గ్రాములు, దాదాపు మూడింతలు. గరుకు నేల మీద టెన్నిస్ బంతి ఎగిరి మోకాలి పైకి వస్తుంది, దాన్ని అడ్డంగా ఊపి కొడితే పోతుంది. లెదర్ బంతి కుట్టు మీద పడి పక్కకు తిరుగుతుంది, అడ్డంగా ఊపితే వికెట్ పోతుంది. ఒక రకం నేలలో పెరిగిన మొక్కను వేరే నేలలో కొలిచి పనికిరాదనడం లాంటిదే మనం ఈ పిల్లల్ని ఒక్కరోజు సెలెక్షన్లో చూసి చేసేది. ఒక్కొక్కరికి ఆరేడు బంతులు. రావుగారి లెక్కలో ఆరు బంతుల పొరపాటు ఎంతో మీరే కట్టండి.

ఇక ఒళ్లు. మగపిల్లలు సగటున పదమూడు, పద్నాలుగేళ్ల మధ్య ఒక్కసారిగా పొడవు సాగుతారు. కొందరికి అది పన్నెండుకే వస్తుంది, కొందరికి పదిహేను దాటాకే. ఒకే తరగతి, ఒకే పుట్టిన సంవత్సరం, కానీ ఎముకల వయసులో రెండు మూడేళ్ల తేడా ఉండొచ్చు. బీసీసీఐ అండర్-16 పిల్లల ఎడమ చేతి మణికట్టుకు ఎక్స్‌రే తీయించి, టీడబ్ల్యూ3 అనే పద్ధతిలో ఎముకల వయసు కట్టిస్తుంది. వయసు దొంగతనం ఆపడానికి అది మంచిదే. కానీ నిజాయితీగా పద్నాలుగేళ్లున్న ఇద్దరిలోనూ ఒకడు మీసాల మగాడిలా, ఒకడు చిన్నపిల్లాడిలా ఉండొచ్చన్న సంగతి కోచ్ కంటికి ఆనదు.

దీనికి ఎంత వెల ఉందో చూడండి. బంతి పోయే దూరం వేగానికి వర్గంగా పెరుగుతుంది. గాలి అడ్డును పక్కన పెడితే, సెకనుకు 25 మీటర్ల వేగంతో 45 డిగ్రీల్లో లేచిన బంతి దాదాపు 64 మీటర్లు పోతుంది. అదే బంతి పది శాతం వేగం ఎక్కువైతే 77 మీటర్లు. గాలి ఈ రెండింటినీ తగ్గిస్తుంది కానీ తేడా మిగులుతుంది. ముందు ఎదిగిన పిల్లవాడి బంతి సిక్సర్, చప్పట్లు. ఆలస్యంగా ఎదిగేవాడిది బౌండరీ దగ్గర క్యాచ్, "అవుట్, నెక్స్ట్". షాట్ ఒకటే, చూపు ఒకటే, కాలు ఒకటే. ఎదుగుదల ఒక్కటే తేడా. రెండేళ్లకు రెండోవాడు మొదటివాణ్ని అందుకుంటాడు, కానీ అప్పటికి బ్యాటు అటక మీద ఉంటుంది.

పుట్టిన నెల కూడా ఇందులో ఒక చెయ్యి వేస్తుంది. ఒక తారీఖు గీత గీసి పిల్లల్ని జట్లుగా విడదీసినప్పుడు, గీత దాటిన వెంటనే పుట్టినవాళ్లు ఆ జట్టులో పెద్దవాళ్లవుతారు, ఎంపికల్లో ఎక్కువ కనిపిస్తారు. కెనడా ఐస్ హాకీలో 1985లోనే దీన్ని గుర్తించారు. మన క్రికెట్‌లో ఇప్పుడు ఆ గీత సెప్టెంబరు 1. తిలక్ వర్మ పుట్టింది నవంబరు 8న, గుంటూరు షేక్ రషీద్ సెప్టెంబరు 24న, రాయుడు సెప్టెంబరు 23న. చూశారా అని ఎగరకండి, నేనే ఒక క్షణం ఎగిరాను. నితీశ్ రెడ్డి మే 26న పుట్టాడు. నలుగురి జాతకాలతో ఏదీ రుజువు కాదు, ఇంతసేపూ నేను చెబుతున్నదే అది.

రాయుడి సంగతి ట్రాక్టర్ అతను ఎత్తాడు కాబట్టి దానికి జవాబు చెప్పాలి. 2002లో టాంటన్‌లో ఇంగ్లండ్ అండర్-19 మీద అజేయంగా 177. పదిహేడేళ్లకు రంజీలో ఆంధ్ర మీద ఒకే మ్యాచ్‌లో 210, 159 నాటౌట్. 2004 అండర్-19 ప్రపంచ కప్‌లో కెప్టెన్. ఆ తర్వాత జట్లు మారాడు, వివాదాల్లో పడ్డాడు, అనధికార లీగ్ ఐసీఎల్‌కు వెళ్లాడు. భారత్ తరఫున తొలి వన్డే 2013 జులై 24న హరారేలో. టాంటన్ నుంచి హరారేకు పదకొండేళ్లు. ఆడిన 55 వన్డేల్లో సగటు 47.05. గింజ మంచిదే అన్నమాట. దాన్ని "ఏమాయె" అని అడగడం కంటే, పదకొండేళ్లు ఏ నేలలో పడి ఉందో అడగాలి.

తిలక్ వర్మ కథ దీనికి తిరగేసి ఉంటుంది. నాన్న కరెంటు పని చేసే మనిషి. పదకొండేళ్లప్పుడు బార్కస్ మైదానంలో టెన్నిస్ బంతితో ఆడుతుంటే కోచ్ సలామ్ బయాష్ చూశాడు, చూసి వదిలెయ్యకుండా తన బండి మీద రోజూ అకాడెమీకి తీసుకువెళ్లాడు. ఆ రోజు తిలక్ ఎన్ని పరుగులు కొట్టాడన్నది ఎవరికీ గుర్తులేదు. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష కోసం ఇల్లే సికింద్రాబాద్‌కు తరలింది. 2025 జనవరిలో అండర్-19 మహిళల టీ20 ప్రపంచ కప్‌లో స్కాట్లాండ్ మీద 110 నాటౌట్, ఆ టోర్నీ చరిత్రలోనే తొలి సెంచరీ. టోర్నీ మొత్తంలో ఉత్తమ క్రీడాకారిణి ఆమే. గద్వాల నుంచి హైదరాబాద్ దాదాపు 190 కిలోమీటర్లు. రంజీ ఆడాలంటే తెలంగాణ పిల్లలందరికీ హైదరాబాద్ జట్టే దారి. ఏ కోచ్ బండీ రోజూ అంత దూరం రాలేదు.

ఆడపిల్లల సంగతి వచ్చింది కనుక ఒక మాట. సీడు పత్తిలో క్రాసింగ్ పనికి చిన్న వేళ్లు కావాలని ఒకప్పుడు ఈ చేలలోకి బడి ఈడు ఆడపిల్లలను దింపేవాళ్లు. సాయంత్రం మొగ్గ విప్పి, పుప్పొడి తిత్తులు గోటితో గీరి తీసెయ్యాలి, లోపలి కొన తెగకూడదు. మరునాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని మీద రాయాలి. ఒక్కో పిల్ల రోజుకు వందల పువ్వులు చేసేది. కంటికీ చేతికీ అంత పొందిక ఉన్న పిల్లల చేతికి బ్యాటు ఇచ్చి చూసినవాడు లేడు. నాకు ఆ చేల పక్కన నడిచిన ప్రతిసారీ అది గుర్తుకు వస్తుంది.

మళ్లీ తిలక్ దగ్గరికి వస్తే, 2025 సెప్టెంబరు 28 రాత్రి దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్. ఏప్రిల్‌లో "అయిపాయె" అనిపించుకున్న తిలక్ వర్మ పాకిస్తాన్ మీద 53 బంతుల్లో 69 నాటౌట్‌గా నిలిచి గెలిపించాడు. అంతకుముందు ఏడాది నవంబరులో దక్షిణాఫ్రికా మీద రెండు, మేఘాలయ మీద ఒకటి, వరసగా మూడు టీ20 సెంచరీలు కొట్టినప్పుడు ఇదే హోటల్లో వాణ్ని దేవుణ్ని చేశారు. నవంబరు, ఏప్రిల్, సెప్టెంబరు. కుర్రాడు మారలేదు, మన మాటలే మారాయి.

దసరాకు మళ్లీ గద్వాల వెళ్లాను. మామ చేనులో పత్తి పూత మీద ఉంది. నిన్నటి పువ్వులు గులాబీ రంగుకు తిరిగాయి, ఈ పొద్దు విచ్చినవి పాలరంగులో ఉన్నాయి. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన సామెత. వంగి చూశాను, పత్తి పువ్వుకు చెప్పుకోదగ్గ వాసనే లేదు.

సాయంత్రం హోటల్లో మామ తన లాటు నంబర్లు రాసుకునే నోటుబుక్కు తీశాడు. ఏప్రిల్ వాదన తర్వాత నేను చెప్పిన లెక్క విని, వెనక పేజీలో గడులు గీశాడట. పేరు, పుట్టిన తారీఖు, ఆడిన ఇన్నింగ్స్, ఎవరు ఏమన్నారు, మళ్లీ చూడాల్సిన తారీఖు. సూర్యవంశీ పేరు ఉంది, డిగ్రీ పిల్లగాడి జోస్యం ఉంది, ఎదురుగా "2032 ఉగాది" అని ఉంది. "జీవోటీ తారీకు" అన్నాడు మామ. అందరి కింద, వాళ్ల ఊరి పిల్లవాడు ఒకడి పేరు. తొమ్మిదో తరగతి, సన్నగా, తోటివాళ్ల భుజం దాకా కూడా రాని పొట్టివాడు. ఈ ఏడే లెదర్ బంతి ముట్టుకున్నాడు.

"వీని గురించి ఎవరేమన్నరు మామా?" అని అడిగాను. ఆ గడి ఖాళీగా ఉంది.

"ఇంకా ఏమంటం అల్లుడా" అని, ఇన్నింగ్స్ గడిలో ఉన్న 9ని కొట్టేసి, నిన్నటిది కలిపి 10 అని రాశాడు.